యూరపు బొమ్మల్లో తురకోడు

తొమ్మిదో తరగతి. సాంఘికశాస్త్రం పీరియడు. పాఠం పేరు సాంస్కృతిక పునరుజ్జీవనం. సారు నల్లబల్ల మీద కారణాలు నంబర్లేసి రాస్తున్నాడు. ఒకటి: 1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్ నగరమును ఆక్రమించుట. తురుష్కులంటే ఎవరు సార్ అని ముందు బెంచీలోంచి ఒకడు అడిగాడు. "ఎవరేంట్రా, తురకోళ్లు" అన్నాడు సారు సుద్దముక్క దించకుండానే. నలభై తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి. క్లాసులో ఆ పేరు మోస్తున్నవాణ్ణి నేనొక్కణ్ణే మరి.

సారు మంచివాడే. నన్ను నొప్పించాలని అన్న మాట కాదది. ఆయనకొచ్చిన తెలుగులో మాకున్న పేరు అదే. తుర్కీ భాషలో ఒక్క మాట కూడా మా ఏడు తరాల్లో ఎవరికీ రాదు. అయినా తుర్కుల పేరు మాకు అంటుకుంది. సాయంత్రం ఇంటికెళ్లి అబ్బాను అడిగాను, మనం కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకున్నామా అని. అబ్బా కుట్టుమిషను తొక్కుతూనే తల తిప్పి, "అది ఎవరి దుకాణం బేటా?" అన్నాడు.

పరీక్షలో ఆ కారణం మొదటిదిగా రాశాను. అయిదుకి నాలుగు మార్కులొచ్చాయి. తురుష్కులు నగరాన్ని పట్టుకున్నారు, గ్రీకు పండితులు పుస్తకాలు చంకన పెట్టుకుని ఇటలీకి పారిపోయారు, యూరపు మేల్కొంది. మొత్తం ఆ పాఠంలో మా వంతు పని తరిమెయ్యడం ఒక్కటే. వాళ్లు బొమ్మలేశారు, శిల్పాలు చెక్కారు, మనిషిని కనుక్కున్నారు. మేం గుమ్మంలో కత్తి పట్టుకుని నిలబడ్డాం.

చాలా ఏళ్ల తర్వాత బొమ్మల పుస్తకాలు తిరగెయ్యడం అలవాటైంది. అప్పుడు ముందుగా ఆ 1453 లెక్క తేల్చుకున్నాను. కొత్తరకం బొమ్మకు దారి తీసినవాడిగా అందరూ చెప్పే జొత్తో 1337లోనే చనిపోయాడు. పెత్రార్క్ 1374లో పోయాడు. క్రిసొలోరస్ అనే గ్రీకు పండితుడు ఫ్లోరెన్సులో గ్రీకు చెప్పడం 1397లో మొదలుపెట్టాడు. అతన్ని ఎవరూ తరమలేదు, ఆ నగరం వాళ్లే ఉద్యోగమిచ్చి పిలిపించుకున్నారు. బ్రునెల్లెస్కీ ఫ్లోరెన్సు పెద్ద చర్చి మీద గుమ్మటం 1436కి ముగించాడు. మసాచ్చో అనే కుర్రవాడు బొమ్మకు లోతు తెచ్చి, ముప్పయ్యేళ్లు కూడా నిండకుండా 1428లో కన్నుమూశాడు. తుర్కులు కాన్‌స్టాంటినోపుల్ కోట దాటేసరికి ఆయన పోయి పాతికేళ్లయింది. 1453 తర్వాత పండితులు రాలేదని కాదు, వచ్చారు, పుస్తకాలూ తెచ్చారు. కానీ అప్పటికే పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. అందులో బియ్యం పోసినవాళ్లు వాళ్లు.

సరే, తేదీల గొడవ అలా ఉంచుదాం. అసలు ఆ బొమ్మల్లో కొత్తదనం ఏమిటి?

అంతకుముందు యూరపు బొమ్మలో మనిషి కొలత అతని హోదాను బట్టి ఉండేది. మరియమ్మ పెద్దగా, దేవదూతలు అంతకన్నా చిన్నగా, బొమ్మ వేయించిన షావుకారు కాళ్ల దగ్గర బొటనవేలంత. వెనకాల ఆకాశం ఉండదు, బంగారు రేకు ఉంటుంది. రినైజాన్స్ చిత్రకారుడు ఈ లెక్క మార్చాడు. కొలత ఇప్పుడు దూరాన్ని బట్టి. దగ్గరున్నవాడు పెద్దగా, దూరమున్నవాడు చిన్నగా. నేల మీద పరిచిన పలకల గీతలన్నీ దూరంగా ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. లియొనార్డో 1495-98 మధ్య మిలాన్‌లో వేసిన చివరి విందు బొమ్మలో పైకప్పు దూలాలు, గోడల అంచులు అన్నీ వచ్చి ఈసా తల దగ్గర ఆగుతాయి. ఎవరూ వేలుపెట్టి చూపక్కర్లేకుండా కన్ను అక్కడికే పోతుంది. ఇక ఒంటి మీద కండ ఎలా తిరుగుతుందో శవాలు కోసి చూశారు. గ్రీకు, రోమను శిల్పాలను తవ్వి తీసి వాటి కొలతలు నేర్చుకున్నారు. ఉత్తరాన వాన్ ఐక్ లాంటివాళ్లు నూనెరంగులను పల్చని పొరలుగా పూసి, గాజు మీద మెరుపు, గుడ్డ మీద ముడత ఉన్నదున్నట్టు దించారు. బొమ్మ అంతా నిదానంగా, తూకంగా, ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది.

ఈ గీతల విద్యకు మూలంలో ఒక చీకటి గది ఉంది. అది కైరోలో ఉంది. బస్రాలో సుమారు 965లో పుట్టిన ఇబ్న్ అల్ హైథమ్ కైరోలో ఉండి కితాబ్ అల్ మనాజిర్ అని ఏడు భాగాల పుస్తకం రాశాడు. మనాజిర్ అంటే చూపుకు అందే దృశ్యాలు. మన ఇళ్లల్లో నజారా, నజర్ అంటామే, అదే ధాతువు. కంటిలోంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకితే కనిపిస్తుందని గ్రీకుల్లో యూక్లిడ్, టాలమీ నమ్మారు. ఈయన కాదన్నాడు. వెలుగు వస్తువు మీద పడి, దాని ప్రతి బిందువు నుంచీ తిన్నగా గీతలై కంటికి వస్తుందన్నాడు. మాట అని ఊరుకోలేదు. ఒక కన్నానికి ఎదురుగా దీపాలు వరసగా పెట్టి, చీకటిగదిలో గోడ మీద ఎన్ని వెలుగు మచ్చలు పడతాయో చూశాడు. ఒక దీపానికి అడ్డం పెడితే దానికి సంబంధించిన మచ్చ ఒక్కటే ఆరిపోయింది. వెలుగు గీతలు కన్నంలో కలిసినా ఒకదానితో ఒకటి కలగాపులగం కావు.

ఆ పుస్తకం 1200 ప్రాంతంలో లాటిన్‌లోకి పోయింది. రచయిత పేరు అల్‌హాజెన్ అయింది. హసన్ అనే మన మామూలు పేరు వాళ్ల నాలుక మీద అలా తిరిగింది. 14వ శతాబ్దంలో ఇటాలియన్ భాషలోకి కూడా దిగింది. ఫ్లోరెన్సు బాప్తిస్మపు మందిరానికి కంచు తలుపులు పోసిన గిబెర్తీ, తన చివరి రోజుల్లో రాసుకున్న పుస్తకంలో ఆ అనువాదంలోంచి పేజీలకు పేజీలు ఎత్తి రాసుకున్నాడు. అల్బెర్తీ 1435లో చిత్రలేఖనం మీద రాసిన పుస్తకంలో కంటి దగ్గర మొనదేలే చూపు పిరమిడ్ గురించి చెబుతాడు. బొమ్మ అంటే ఆ పిరమిడ్‌ను అడ్డంగా కోసిన ముక్క అంటాడు. అంటే చూపు గురించి బాగ్దాదు, కైరోల మీదుగా వచ్చిన లెక్క అక్కడ అప్పటికే వాడుకలో ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనవాళ్లలో కొందరికి ఇలాంటిదొకటి దొరికితే చాలు, యూరపు కళ మొత్తం మనదే, వాళ్లు దొంగిలించారు అని ఊగిపోతారు. వేదాల్లో విమానాలున్నాయి అనే మాటకూ దీనికీ తేడా లేదు. ఇబ్న్ అల్ హైథమ్ బొమ్మ వేయలేదు, వేయమనీ చెప్పలేదు. చూపు ఎలా పనిచేస్తుందో చెప్పాడు, అంతే. ఆ లెక్కను ఒక గోడ మీదికి, ఒక పలక మీదికి తెచ్చి, ఇక్కడ నిలబడి చూడు అని చెప్పింది ఫ్లోరెన్సు వాళ్లు. బ్రునెల్లెస్కీ ఆ బాప్తిస్మపు మందిరం బొమ్మనే వేసి, పలకకు చిన్న కన్నం పెట్టి, వెనకనుంచి కన్నంలో కన్ను ఆనించి ఎదురుగా అద్దంలో బొమ్మ చూడమన్నాడట. అది ఆయన బుర్రే. నాకు కావలసింది వాటా కాదు. పాఠంలో 1453కి పక్కన ఈ చీకటిగదికి ఒక్క వాక్యం.

బొమ్మల్లోకి పోదాం. జెంటీలె దా ఫాబ్రియానో 1423లో ఒక పెద్ద బొమ్మ వేశాడు. తూర్పుదేశపు జ్ఞానులు పసివాడైన ఈసాను చూడవచ్చిన ఘట్టం. ఫ్లోరెన్సు ఉఫ్ఫీజీ మ్యూజియంలో ఉంది. అందులో మరియమ్మ తల వెనక బంగారు కాంతివలయం చూడండి. వలయం చుట్టూ అక్షరాలున్నాయి. అవి అరబ్బీ అక్షరాల్లా ఉంటాయి. చదవబోతే ఏమీ కాదు. ఈజిప్టులో మమ్లూకుల కాలంలో చేసిన ఇత్తడి పళ్లేల మీద సుల్తానుల బిరుదులు గుండ్రంగా చెక్కేవాళ్లు. ఆ పళ్లేలు ఇటలీ బజార్లకు వచ్చేవి. చిత్రకారుడు ఆ లిపి అందం చూసి మరియమ్మ తల చుట్టూ పెట్టాడు. ఈసా పుట్టిన నేల మీది లిపి గనుక అది పవిత్రమని అనుకుని ఉంటారని పండితుల ఊహ. మసాచ్చో 1422లో వేసిన మరియమ్మ తల వెనకా ఇదే సంగతి.

మొదటిసారి ఆ వలయాన్ని పెద్ద అచ్చులో చూసినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా అయింది. మా నానీమా అరబ్బీ ముక్క చదవలేదు. కానీ ఆ అక్షరాలున్న కాయితం నేల మీద కనిపిస్తే తీసి కళ్లకద్దుకుని గోడ సందులో పెట్టేది. అర్థం తెలియకుండా గౌరవించడంలో ఆమె, ఆ ఇటలీ చిత్రకారుడు ఒకటే.

తివాచీల కథ వేరే. అనతోలియాలో, అంటే ఇప్పటి తుర్కీలో, నేసిన తివాచీలు వెనిస్ ఓడల్లో యూరపంతా పోయాయి. అవి ఎంత ఖరీదంటే జనం నేల మీద పరిచేవాళ్లు కాదు, బల్ల మీద కప్పేవాళ్లు. చిత్రకారులు వాటిని ముడి ముడీ దించారు. హాన్స్ హోల్బీన్ 1533లో వేసిన రాయబారుల బొమ్మలో ఇద్దరు దొరలు మోచేతులు ఆనించింది తుర్కీ తివాచీ మీదే. లోరెంజో లోట్టో 1542లో వెనిస్‌లో ఒక చర్చికి వేసిన బొమ్మలోనూ తివాచీలే. జెంటీలె బెల్లీనీ వేసిన ఒక బొమ్మలో సింహాసనం మీద కూర్చున్న మరియమ్మ పాదాల కింద పరిచింది నమాజు చేసుకునే జానమాజ్. ఒకవైపు మిహ్రాబు ఆకారం స్పష్టంగా ఉంటుంది.

ఇప్పుడు వినండి. ఇలాంటి పాత తివాచీ ఈరోజు ఏ మ్యూజియంలోనైనా ఉంటే, కింద చీటీ మీద ఏం రాస్తారో తెలుసా? హోల్బీన్ తివాచీ. లోట్టో తివాచీ. బెల్లీనీ తివాచీ. ఆ చిత్రకారులెవరూ ఒక్క ముడి వేయలేదు. నేసిన ఆడవాళ్ల పేర్లు, మగవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు, అది అర్థం చేసుకోగలను. కానీ నేసిన వస్తువుకు దాన్ని చూసి బొమ్మ వేసినవాడి పేరు ఉండటం, చేతిపని వాళ్ల ఇంట్లో పుట్టినవాడిగా నాకు మింగుడు పడలేదు. అబ్బా కుట్టిన షేర్వానీలకు ఇలాగే దుకాణం సేటు పేరు చీటీ కుట్టేవాళ్లు.

ఆ బెల్లీనీ సంగతే మరొకటి. కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకున్న సుల్తాను మెహ్మద్ ఉన్నాడే, మా నల్లబల్ల మీద మొదటి కారణం, అతను 1479లో వెనిస్‌తో సంధి కుదిరాక తమ దగ్గరికి ఒక మంచి చిత్రకారుణ్ణి పంపమని అడిగాడు. వెనిస్ వాళ్లు తమ నగరంలో పేరున్న జెంటీలె బెల్లీనీనే పంపారు. అతను ఇస్తాంబుల్‌లో ఏడాదికి పైగా ఉండి సుల్తాను బొమ్మ వేశాడు. బొమ్మ మీద తేదీ 1480 నవంబరు 25. లండన్ నేషనల్ గ్యాలరీకి చెందిన బొమ్మ అది. ఇప్పుడు చాలావరకు మరమ్మతుల కింద మునిగిపోయింది గానీ, వంకీ ముక్కు, పల్చని ముఖం, తెల్లని పెద్ద తలపాగా, జబ్బు చేసినట్టున్న కళ్లు తెలుస్తాయి. అది కత్తి పట్టుకున్న బొమ్మ కాదు. రినైజాన్స్‌ను తరిమినవాడో పుట్టించినవాడో అని మేం రాసిన మనిషి, ఆ రినైజాన్స్ ముందే కుర్చీ వేసుకుని కూర్చుని నా బొమ్మ వెయ్యి అన్నాడు. ముసల్మాన్లు బొమ్మ అంటే పారిపోతారనే మాట కూడా దీంతో సగం పోతుంది. మిగతా సగం మనవాళ్ల మూర్ఖత్వం, అది వేరే వ్యాసం.

రఫేల్ 1509-11 మధ్య వాటికన్‌లో వేసిన ఏథెన్సు పాఠశాల బొమ్మ రినైజాన్స్ గుణాలన్నీ ఒక్కచోట ఉన్న బొమ్మ. కమానుల కింద కమానులు, మధ్యలో ప్లేటో, అరిస్టాటిల్, రెండు వైపులా తూకంగా యాభైకి పైగా మనుషులు. ఎడమపక్క కింద పైథాగరస్ కూర్చుని పుస్తకంలో రాస్తుంటే వెనకనుంచి తలపాగా పెట్టుకున్న ఒక మనిషి మెడ సాచి తొంగి చూస్తున్నాడు. అతను ఇబ్న్ రుష్ద్ అని పరంపరగా చెబుతారు. కొర్దోబాలో పుట్టి, అరిస్టాటిల్ గ్రంథాలకు వ్యాఖ్యానాలు రాసి 1198లో చనిపోయినవాడు. యూరపు విశ్వవిద్యాలయాలు అరిస్టాటిల్‌ను చదివింది చాలాకాలం అతని వ్యాఖ్యానం చేతిలో పెట్టుకునే. పిలిచారు, సంతోషం. కానీ ఎదుటివాడి పుస్తకంలోకి కాపీ కొట్టే పిల్లాడిలా నిలబెట్టారు. అరిస్టాటిల్ మెట్ల మీద ఉన్నాడు. అతని వ్యాఖ్యాత కింద మూల ఉన్నాడు.

ఆ ఇబ్న్ రుష్ద్ ఊరికే పోదాం. కొర్దోబా పెద్ద మసీదు అప్పటికే చర్చి అయిపోయి దాదాపు మూడు వందల ఏళ్లు. అయినా లోపలి స్తంభాల అడవి అలాగే ఉంది. 1523లో దాని నడిబొడ్డు పగలగొట్టి రినైజాన్స్ పద్ధతిలో ఎత్తయిన చర్చి మందిరం లేపడం మొదలుపెట్టారు. ఒక సంగతి మరవకూడదు. ఆ పనిని గట్టిగా వ్యతిరేకించింది కొర్దోబా నగర పాలకమండలి. వాళ్లంతా క్రైస్తవులే. రాజు ఐదో చార్లెస్ మతపెద్దల వైపు మొగ్గాడు, పని సాగింది, 1607కి ముగిసింది. అదే రాజు 1527లో గ్రనడా అల్హంబ్రా పక్కన పెద్రో మచూకా చేత ఒక రాజమహల్ మొదలుపెట్టించాడు. బయట నలుచదరం, లోపల గుండ్రని ముంగిలి. రోమను లెక్కల ప్రకారం చూస్తే స్పెయిన్‌లో అంతకన్నా శుద్ధమైన రినైజాన్స్ కట్టడం అరుదు. 20వ శతాబ్దం దాకా దానికి కప్పు పడలేదు. రినైజాన్స్ అంటే తూకం, ప్రశాంతత అని పుస్తకాలు చెబుతాయి. గ్రనడాలో ఆ తూకం మాకు గెలిచినవాడి సంతకంలా కనిపిస్తుంది.

బరోక్ దగ్గరికి వచ్చాం. ఈ పేరు మొదట తిట్టు. గొగ్గిగొగ్గిగా ఉన్న ముత్యాన్ని పోర్చుగీసు వాళ్లు అనే మాట నుంచి వచ్చిందంటారు. పద్ధతి లేని, అతి చేసే కళ అని తర్వాతికాలం వాళ్లు ఎగతాళిగా పెట్టిన పేరు అది. తురక అన్నట్టే. తర్వాత అదే నిలిచింది.

రెండింటికీ తేడా తెలియాలంటే దావూద్ నబీ శిల్పాలు రెండు పక్కపక్కన పెట్టుకోవాలి. మైకలాంజిలో 1501-04లో చెక్కిన దావూద్ నిలబడి ఉన్నాడు. జాలూత్ ఇంకా రాలేదు, వడిసెల భుజం మీద ఉంది, మనిషి ఆలోచిస్తున్నాడు. బెర్నీనీ 1623-24లో చెక్కిన దావూద్ పెదవి కొరికి, నడుం మెలితిప్పి, రాయి విసరబోతున్నాడు. జాలూత్ ఎక్కడున్నాడు? మన వెనకాల. మనం తప్పుకోవాలి. రినైజాన్స్ బొమ్మ ముందు మనం నిలబడతాం, బరోక్ బొమ్మ మనల్ని లోపలికి లాగుతుంది. తిన్నని గీత పోయి ఏటవాలు గీత వచ్చింది. నిదానం పోయి క్షణం వచ్చింది. కరవాజ్జో 1599-1600లో రోములో వేసిన మత్తయి పిలుపు బొమ్మలో గదంతా చీకటి. బల్ల దగ్గర డబ్బు లెక్కపెట్టుకునేవాళ్లు. కుడివైపునుంచి ఒక వెలుగు చార గోడ మీద పడి, ఈసా చాచిన చేతి వెంట వచ్చి, వసూలుదారు ముఖం మీద ఆగుతుంది. అలాగే చర్చి పైకప్పులు తెరుచుకుని ఆకాశంలోకి మనుషులు ఎగిరిపోతున్నట్టు వేశారు. ఏది రాయి, ఏది రంగు, ఏది గార తెలియదు.

ఇంత నాటకం ఎందుకు వచ్చింది? సంస్కరణవాదులు చర్చిలో బొమ్మలెందుకని లేచారు. 1566లో నెదర్లాండ్సులో జనం చర్చిల్లోకి చొరబడి విగ్రహాలు పగలగొట్టారు. విగ్రహం పగిలిందనగానే మన దేశంలో గుర్తొచ్చే పేరు మాదే గనుక ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోవడం మంచిది. కేథలిక్ పెద్దలు ట్రెంట్ సభలో 1563లోనే, బొమ్మలు ఉండాల్సిందే, అవి చదువురాని జనానికి మతం నేర్పాలి, భక్తి పుట్టించాలి అని తీర్మానించారు. రోములో బరోక్ ఆ పని చేసిపెట్టింది. రాజులకూ అదే పనికొచ్చింది. కన్నీళ్లు పెట్టించడం, ఒళ్లు జలదరింపజేయడం, తలవంచేలా చేయడం.

తలవంచిన మనిషి ఎవరై ఉండాలి? 1571లో లెపాంతో దగ్గర క్రైస్తవ కూటమి ఓడలు ఉస్మానీ ఓడలను ఓడించాయి. 1573-75 మధ్య ముసలి టిషియన్ స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కు ఒక బొమ్మ వేసి పంపాడు. రాజు తన పసికొడుకును ఆకాశానికెత్తి విజయదేవతకు చూపిస్తున్నాడు. కింద మూలన, చేతులు వెనక్కి విరిచి కట్టిన తురకవాడు కూర్చుని ఉన్నాడు. తలపాగా నేల మీద పడి ఉంది. లివోర్నో రేవులో పియెత్రో తక్కా 1623-26లో పోసిన నాలుగు కంచు విగ్రహాలున్నాయి. పైన పాలరాతిలో మెదిచీ ప్రభువు ఫెర్దినాందో నిటారుగా నిలబడ్డాడు. దిమ్మె నాలుగు మూలలా గొలుసులతో నలుగురు మూర్లు. ఆ రేవులో తెడ్ల ఓడలకు కట్టేసిన ముస్లిం బానిసలు నిజంగానే ఉండేవాళ్లు. అవతల అల్జీర్సులో క్రైస్తవ బానిసలు కూడా అలాగే ఉండేవాళ్లు, ఆ పాపం మనవాళ్లది. కానీ బొమ్మ విషయానికొస్తే, బరోక్ నేర్చిన విద్యంతా, ఆ మెలికలు తిరిగిన వీపు, ఉబ్బిన నరం, పైకెత్తిన ముఖంలో బాధ, అన్నీ ఆ నలుగురిలోనే ఉన్నాయి. పైనున్న ప్రభువును చూడటానికి ఎవరూ ఆగరు. ఆ చౌకును జనం పిలిచేది కూడా నలుగురు మూర్ల పేరుతోనే.

రినైజాన్స్‌లో మరియమ్మ తల చుట్టూ మా అక్షరాలు, పాదాల కింద మా తివాచీ. బరోక్ వచ్చేసరికి రాజు పాదాల కింద మేమే.

1609 నుంచి 1614 దాకా స్పెయిన్ తన మోరిస్కోలను వెళ్లగొట్టింది. మోరిస్కో అంటే మతం మారిన ముసల్మాను, లేదా అతని కొడుకు, మనవడు. బాప్తిజం తీసుకున్నవాళ్లే. వాళ్లలో ఎక్కువమంది మాట్లాడింది స్పానిష్. దాన్నే అరబ్బీ అక్షరాల్లో రహస్యంగా రాసుకున్నవాళ్లూ ఉన్నారు. అయినా రక్తం శుద్ధం కాదన్నారు. సుమారు మూడు లక్షల మందిని రేవులకు నడిపించి ఓడలెక్కించారు. 1627లో నాలుగో ఫిలిప్ ఈ వెళ్లగొట్టడం మీదే బొమ్మ వేయమని ఆస్థాన చిత్రకారులకు పోటీ పెట్టాడు. గెలిచింది 28 ఏళ్ల వెలాస్కెజ్. ఆ గెలుపుతో రాజు కొలువులో అతనికి పదవి దొరికింది. ఆ బొమ్మ ఇప్పుడు లేదు, 1734లో మాడ్రిడ్ రాజకోటకు నిప్పంటుకున్నప్పుడు కాలిపోయింది. చూసినవాడొకడు రాసిపెట్టాడు. మధ్యలో రాజు చెయ్యి చాచి చూపిస్తున్నాడు, సైనికులు ఏడుస్తున్న ఆడా మగా పిల్లా జెల్లాను సముద్రం వైపు తోలుతున్నారు. పోటీలో ఓడిన కర్దూచో గీసిన చిత్తుబొమ్మ ఒకటి మాడ్రిడ్ ప్రాదో మ్యూజియంలో మిగిలింది. అందులో మూటలు మోస్తున్నవాళ్లున్నారు.

బరోక్ అంతా ఇంతే అనడం అన్యాయం. ఆమ్‌స్టర్‌డాంలో రెంబ్రాంట్ ఉన్నాడు. 1656-61 ప్రాంతంలో, అంటే అప్పుల్లో మునిగి ఇల్లు వేలానికి పోయిన రోజుల్లోనే, అతను మొఘల్ చిత్రాలు ముందు పెట్టుకుని నకళ్లు గీశాడు. జహంగీరు, షాజహాను, గుర్రమెక్కిన దర్బారీలు. ఇరవైకి పైగా మిగిలాయి. మన తీరం సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అప్పటికి డచ్చివాళ్ల కోఠీ మచిలీపట్నంలో అర్ధ శతాబ్దంగా ఉంది, హిందూస్తానీ సరుకుతో పాటు బొమ్మలు కూడా వాళ్ల ఓడలెక్కాయి. కాస్త తర్వాత గోల్కొండలో వేసిన పాదుషాల, సుల్తానుల బొమ్మల ఆల్బం ఒకటి ఆమ్‌స్టర్‌డాం రైక్స్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. రెంబ్రాంట్ గీసిన నకళ్లలో ఒకటి చెట్టుకింద కూర్చున్న నలుగురు గడ్డాల పెద్దలది. మన దర్గా ముందు అసర్ నమాజు తర్వాత కనిపించే దృశ్యమే. రెంబ్రాంట్ ఆ కూర్చునే తీరు తీసుకుని 1656లో రాగిరేకు మీద ఇబ్రాహీం నబీ ఇంటికి దేవదూతలు అతిథులుగా వచ్చిన బొమ్మ చెక్కాడు. వచ్చినవాళ్లు కుర్చీల మీద లేరు, నేల మీదే కూర్చున్నారు. ఖురానులోనూ బైబిల్లోనూ ఉన్న కథకు ఆ డచ్చి మనిషి హిందూస్తాన్ ముసల్మాన్ల బైఠక్ తీసుకున్నాడు. అక్కడ ఎవరి చేతులకూ కట్లు లేవు.

చివరికి హువాన్ దె పరేహా. ఆంటెకెరాలో 1608 ప్రాంతంలో పుట్టాడు. వెలాస్కెజ్‌కు బానిస. మూర్ల సంతతి అంటారు. రంగులు నూరడం, గుడ్డ బిగించడం అతని పని. 1650లో వెలాస్కెజ్ రోములో ఉండగా అతని బొమ్మ వేసి పాంథియన్‌లో జనం చూడటానికి పెట్టాడు. న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది. గోధుమ, బూడిద రంగులు, తెల్లని కాలరు, పొట్ట మీదుగా అడ్డంగా ఒక చెయ్యి. చూపు తిన్నగా మన మీదే. మోరిస్కోలను తోలే బొమ్మతో పదవి సంపాదించిన చేతులే ఇదీ వేశాయి. అదే ఏడు నవంబరులో వెలాస్కెజ్ అతనికి విడుదల రాసిచ్చాడు, ఇంకో నాలుగేళ్లు కొలువు చెయ్యాలనే షరతుతో. రాజుగారు దయతలచి విడిపించారని చాలాకాలం ఒక కథ నడిచింది. రోములో దస్తావేజు దొరికాక ఆ కథ పోయింది.

పరేహా క్రైస్తవుడిగానే బతికాడు, వేసినవి బైబిల్ బొమ్మలే. అతన్ని లాక్కొచ్చి మన జాబితాలో కలపడం నాకిష్టం లేదు. తురకోడు అనిపించుకోవడానికి నమాజు చెయ్యక్కర్లేదని మాత్రం మోరిస్కోలను చూస్తే తెలుస్తుంది.

విడుదలయ్యాక అతనూ మత్తయి పిలుపే వేశాడు, 1661లో. ఇది ప్రాదోలో ఉంది. రెండు గజాల పైన ఎత్తు, మూడు గజాల పైన వెడల్పు. కరవాజ్జో బొమ్మలోలా చీకటి లేదు, రంగు నిండుగా ఉంది. బల్ల చుట్టూ మనుషులు, అటు ఈసా. ఎడమ అంచున, గుంపుకు కాస్త ఎడంగా, ఒకతను నిలబడి మనవైపు చూస్తున్నాడు. అది పరేహానే. చేతిలో ఒక కాగితం ముక్క ఉంది. దాని మీద అతని పేరు రాసి ఉంది.